ఏ ప్లాస్టిక్ ఎన్నాళ్లు పనిచేస్తుంది?

సూర్యాపేటలో చమురు బావి లేదు. నంద్యాలకు ఓడరేవు లేదు. పీవీసీ పైపుకు కావలసిన ముడిసరుకు ఈ రెండు ఊళ్లకూ వందల కిలోమీటర్ల దూరం నుంచి లారీల మీద రావలసిందే. అయినా 1970లలో సూర్యాపేటలో మొదలైన సుధాకర్ పైపు, 1980లలో నంద్యాలలో మొదలైన నంది పైపు తెలుగు పల్లెల్లో ఇంటింటా తెలిసిన పేర్లయ్యాయి. నంది పైపులు స్థాపించిన ఎస్.పి.వై. రెడ్డి మెకానికల్ ఇంజనీరు. ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం మానుకొని సీమకు తిరిగొచ్చి ప్లాస్టిక్ వ్యాపారంలోకి దిగారు, తరవాత మూడుసార్లు నంద్యాల ఎంపీగా గెలిచారు. ముడిసరుకు దొరకని చోట ఈ పరిశ్రమ ఎలా మొలిచింది? బోర్ల వల్ల మొలిచింది. నల్గొండలో, కర్నూలులో, అనంతపురంలో బోరు వేయించిన ప్రతి రైతుకూ కేసింగ్ పైపు కావాలి, నీళ్లు పైకి తెచ్చే పైపు కావాలి, ఆ నీళ్లను చేను దాకా మోసే పైపు కావాలి. ఇనుప పైపు బరువు, ఖరీదు, పైగా తుప్పు. ప్లాస్టిక్ పైపు లోపలంతా గాలే కాబట్టి దూరం నుంచి తెప్పిస్తే లారీ కిరాయిలో సగం ఆ గాలికే పోతుంది. ముడిసరుకును సంచుల్లో కుక్కి తెచ్చుకొని, గిరాకీ ఉన్న ఊళ్లోనే పైపు లాగడం లాభం. ప్లాస్టిక్ పరిశ్రమ దేశమంతటా చిన్న చిన్న యూనిట్లుగా చెదిరి ఉండడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఈ పరిశ్రమ తీరు తెలియాలంటే ముడిసరుకు దగ్గర మొదలుపెట్టాలి. ముడిచమురును శుద్ధి చేసేటప్పుడు వచ్చే నాఫ్తాను గానీ, సహజవాయువులోని ఈథేన్‌ను గానీ కొలిమిలో తీవ్రంగా వేడిచేస్తే ఎథిలీన్, ప్రొపిలీన్ వంటి వాయువులు విడివడతాయి. వాటి అణువులను గొలుసుకట్టుగా కలిపితే పాలిథిన్, పాలిప్రొపిలీన్ తయారవుతాయి. పీవీసీలో మాత్రం సగానికి పైగా బరువు ఉప్పు నుంచి తీసిన క్లోరిన్‌ది. ఈ పనికి వేల కోట్ల పెట్టుబడి కావాలి. అందుకే జామ్‌నగర్, హజీరాల్లో రిలయన్స్, హల్దియా పెట్రోకెమికల్స్, పాతాలో గెయిల్, పానిపట్‌లో ఇండియన్ ఆయిల్, దహేజ్‌లో ఓపాల్ అంటూ వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే దేశంలో దాన్ని చేస్తున్నారు. అక్కడి నుంచి గుళికల రూపంలో సంచులకెత్తి పంపుతారు. బజారులో దీన్ని దానా అంటారు. పీవీసీ అయితే పొడిగా వస్తుంది. ఆ గుళికలను కరిగించి బకెట్టో, కుర్చీయో, కవరో చేసేవాళ్లు వేరు. పరిశ్రమ సంఘాలు చెప్పే లెక్క ప్రకారం అలాంటి యూనిట్లు దేశంలో 30 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో అత్యధికం చిన్నవి, మధ్యతరహావి. మొత్తం మీద ఈ రంగం మీద బతికేవాళ్లు 40 లక్షల మంది దాకా ఉంటారని అదే లెక్క.

పైన నలుగురైదుగురు, కింద ముప్పై వేల మంది. ఈ అమరిక వల్లనే చిన్న యూనిట్ ఎప్పుడూ ఇరుకున పడి ఉంటుంది. చమురు ధర పెరిగితే గుళికల ధర వెంటనే పెరుగుతుంది, బకెట్ ధరను మాత్రం పక్కవాడు పెంచేదాకా పెంచలేరు. అలా నలిగే యజమానికి మిగిలే దారులు రెండే: ఎక్కువ సరుకు అమ్మడం, సరుకును పల్చగా చేయడం. పల్చటి బకెట్ త్వరగా పగులుతుంది, త్వరగా పగిలితే త్వరగా ఇంకోటి కొంటారు. పల్చటి కవరు ఒక్కసారి వాడి పారేయడానికే పుడుతుంది. ఎవరి దురుద్దేశమూ లేకుండానే, కేవలం ధరల ఒత్తిడి వల్ల, పరిశ్రమ త్వరగా చెత్తయ్యే వస్తువుల వైపు జారుతూ ఉంటుంది. ఏటా ఉత్పత్తి ఇంత శాతం పెరిగిందని సంబరపడే ప్రకటనల్లో ఈ జారుడు కనబడదు. అక్కడ టన్నులు మాత్రమే ఉంటాయి. ప్లాస్టిక్ పరిశ్రమ ఎదుగుదలను టన్నుల్లో కొలిచినంతకాలం మనకు మంచీ చెడూ తేడా తెలియదన్నది నా వాదం. ఒక టన్ను ప్లాస్టిక్ మనుషులకు ఎన్నేళ్లు పనికొస్తుందో అదే అసలు కొలత కావాలి.

దీనికి బలమైన ఆధారం 2017లో రోలాండ్ గేయర్, జెన్నా జాంబెక్, కారా లావెండర్ లా ప్రచురించిన అధ్యయనంలో ఉంది. ప్లాస్టిక్ పుట్టినప్పటి నుంచి 2015 దాకా ప్రపంచం ఎంత తయారు చేసిందో, అదంతా ఏమైందో వాళ్లు లెక్కగట్టారు. తయారైంది 830 కోట్ల టన్నులు. చెత్తగా మారినదాంట్లో రీసైకిల్ అయింది సుమారు 9 శాతం. ఈ 9 శాతం అంకె అందరికీ తెలిసిందే, ప్రతి ఉపన్యాసంలోనూ వినబడుతుంది. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది అందులోని ఇంకో పట్టిక. 2015 ఒక్క ఏడాదిలో ప్యాకింగ్ కోసం 14.6 కోట్ల టన్నుల ప్లాస్టిక్ తయారైతే, అదే ఏడాది ప్యాకింగ్ నుంచి వచ్చిన చెత్త 14.1 కోట్ల టన్నులు. అంటే వచ్చింది వచ్చినట్టే చెత్తకుప్పకు పోయింది. భవన నిర్మాణ రంగంలో, అంటే పైపులు, కిటికీలు, వైర్ల తొడుగుల వంటివాటికి 6.5 కోట్ల టన్నులు వాడితే, చెత్తగా బయటికొచ్చింది 1.3 కోట్ల టన్నులే. ప్యాకింగ్ సగటు ఆయుష్షు ఏడాదిలోపు, నిర్మాణ సామగ్రిది 30 ఏళ్లకు పైన. రెండూ ప్లాస్టిక్కే, రెండూ పరిశ్రమ ‘ఎదుగుదల’లో ఒకేలా జమపడతాయి. నిర్మాణ సామగ్రి ఇంట్లో ఆస్తిగా ఉంటుంది, ప్యాకింగ్ ఊరికి అప్పుగా మారుతుంది.

ఆస్తి వైపు ముందు చూద్దాం. 1950లో ప్రపంచం మొత్తం తయారు చేసిన ప్లాస్టిక్ 20 లక్షల టన్నులు; 2019 నాటికి అది 46 కోట్ల టన్నులు. మన దేశంలో ఈ కథ 1957లో పాలిస్టైరీన్ తయారీతో మొదలైంది. 1961లో పీవీసీ వచ్చింది, 1968లో ఈ రంగానికి నిపుణులను తయారుచేసే సీపెట్ మద్రాసులో పుట్టింది (ఇప్పుడు హైదరాబాద్ చర్లపల్లిలోనూ, విజయవాడ దగ్గరా దాని కేంద్రాలున్నాయి), 1969లో వడోదరలో ప్రభుత్వరంగ సంస్థ ఐపీసీఎల్ వెలిసింది. 1991 తరవాత ప్రైవేటు పెట్టుబడి వచ్చి ఉత్పత్తి కట్టలు తెంచుకుంది. ఈ ఎదుగుదల సామాన్యుడికి చేసిన మేలు చిన్నది కాదు. నీళ్ల బిందె ఇత్తడిది కాకుండా ప్లాస్టిక్‌ది అయిన రోజున చెరువు నుంచి ఇంటికి నడిచే ఆడవాళ్ల నడుముకు ఎన్ని కిలోల బరువు తగ్గిందో ఏ జీడీపీ లెక్కలోనూ లేదు. ఆ తరవాత పైపు వచ్చి ఆ నడకనే తగ్గించింది. తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన నల్గొండ పల్లెలకు కృష్ణా నీళ్లు చేరాయంటే, తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథలో వీధి వీధికీ పరిచిన హెచ్‌డీపీఈ పైపుల పాత్ర అందులో ఎంతో ఉంది. కేంద్రం 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించేనాటికి దేశంలో కుళాయి ఉన్న గ్రామీణ ఇళ్లు 3.23 కోట్లు, ఇప్పుడవి 15 కోట్లు దాటాయి. ఇంత తక్కువ కాలంలో, ఇంత తక్కువ ఖర్చులో ఇనుముతో ఈ పని అయ్యేది కాదు.

సేద్యంలోనూ అంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో సూక్ష్మ సేద్య పథకం మొదలుపెట్టింది. పిల్లకాలువలో పారి, దారిలోనే సగం ఇంకిపోయే నీటిని డ్రిప్ పైపు చెట్టు మొదట్లోకి చుక్క చుక్కగా చేర్చింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా కష్టమయ్యే అనంతపురంలో ఈనాడు చీనీ, దానిమ్మ, మామిడి తోటలు నిలబడ్డాయంటే అందులో ఆ నల్ల పైపుకూ వాటా ఉంది. అయితే పొలంలో వాడినంత మాత్రాన ప్రతి ప్లాస్టిక్కూ మంచిదనుకోకూడదు. టమాటా, పుచ్చ, మిరప మళ్లలో పరిచే మల్చింగ్ షీట్ ఒక్క పంటకే చినిగిపోతుంది, ఏరి తీయకపోతే ముక్కలు మట్టిలో కలుస్తాయి. డ్రిప్ పైపుకూ మల్చింగ్ షీట్‌కూ ఒకే రకం సబ్సిడీ బుద్ధి పనికిరాదని చెప్పడానికే ఈ మాట అంటున్నాను.

ప్లాస్టిక్ ఎన్నాళ్లు పనిచేయాలన్న ప్రశ్న ఎందుకంత ముఖ్యమంటే, ప్రతి టన్నూ పుట్టేటప్పుడే ఒక మూల్యం చెల్లించి పుడుతుంది. తెలుగువాళ్లకు ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో 1961లో హిందూస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలై, చేతులు మారి కొరియా యాజమాన్యం కిందికి వెళ్లిన పాలిస్టైరీన్ కర్మాగారం నుంచి 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. లాక్‌డౌన్‌లో వారాల తరబడి ఆగిపోయిన కర్మాగారంలో, ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ వేడెక్కి తనంతట తనే చర్య మొదలుపెట్టడం దానికి కారణం. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. పీవీసీకి ఆధారమైన వినైల్ క్లోరైడ్ క్యాన్సర్ కారకమని అందరూ ఒప్పుకున్నదే. మంచినీళ్ల పైపు తయారయ్యేటప్పుడు పీవీసీ వేడికి పాడవకుండా సీసపు లవణాలు కలిపే అలవాటు మన దేశంలో చాలాకాలం సాగింది. దాన్ని ఆపడానికి 2021లో ప్రత్యేకంగా నిబంధనలు తేవలసి వచ్చింది. డబ్బు మూల్యం ఇంకొకటి. దేశంలో తయారయ్యే పీవీసీ ఏడాదికి సుమారు 15 లక్షల టన్నులు. వాడకం అందుకు రెట్టింపు మించింది. మిగతాదంతా దిగుమతే. ఇంత ప్రమాదం ఒడిలో పెట్టుకొని, ఇన్ని డాలర్లు పోసి తెచ్చుకున్న పదార్థాన్ని యాభై ఏళ్లు నిలిచే పైపులో పెడితే ఆ మూల్యానికి అర్థముంది. రెండు రోజులు గాలికి ఊగే ఫ్లెక్సీలో పెడితే ఏ అర్థమూ లేదు.

అప్పు వైపు లెక్క ఇంకా బాధాకరం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో 2020-21లో దేశంలో పుట్టిన ప్లాస్టిక్ చెత్త 41 లక్షల టన్నులు. 2024లో బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో వేసిన అంచనా ప్రకారం, ఎవరి అదుపులోకీ రాకుండా నేలమీద, నీళ్లలో, గాలిలో కలిసిపోతున్నదే మన దేశంలో ఏడాదికి 93 లక్షల టన్నులు. ప్రపంచంలో అదే అత్యధికం. రెండు అంకెల మధ్య ఇంత అగాధం ఉండడమే ఒక సమాచారం: మనం లెక్కపెట్టని చెత్త, లెక్కపెట్టిన చెత్తకన్నా ఎక్కువ. ఆ 93 లక్షల టన్నుల్లో సగానికి పైగా వీధి చివర, ఊరి బయట తగలబెట్టినదే. ఆ పొగ పీల్చేది ఆ కవరు అమ్మినవాడూ కాదు, ఆ గుళికలు చేసినవాడూ కాదు. ఇంత జరుగుతున్నా మొత్తం కుప్ప మన మీద కూలిపోకుండా కాపాడుతున్నది చెత్త ఏరుకునేవాళ్లు, పాత సామాన్ల బండివాళ్లు, హైదరాబాద్‌లోని కాటేదాన్ వంటిచోట్ల ఇరుకు షెడ్లలో తుక్కును కడిగి, కరిగించి మళ్లీ గుళికలు చేసే చిన్న యూనిట్లు. వాళ్ల పద్ధతి గమనిస్తే పాఠమంతా అందులోనే ఉంది. నీళ్ల సీసాను వదలరు, పగిలిన కుర్చీని వదలరు, ఎందుకంటే దానికి ధర పలుకుతుంది. షాంపూ ప్యాకెట్టును, చిప్స్ కవరును ముట్టుకోరు. దాంట్లో రెండు మూడు రకాల పొరలు అతికి ఉంటాయి, విడదీయడం కుదరదు, కిలో కూడాలంటే వందల ప్యాకెట్లు ఏరాలి.

దీనికి పరిశ్రమ వైపు నుంచి వచ్చే మొదటి జవాబు తలసరి లెక్క. భారతీయుడి సగటు ప్లాస్టిక్ వాడకం ప్రపంచ సగటులో సగానికి అటూ ఇటూగా ఉంది, అమెరికా వాడకంతో పోలిస్తే అసలు లెక్కలోకే రాదు. ఇప్పుడిప్పుడే ఎదుగుతున్న దేశాన్ని ఎందుకు కట్టడి చేస్తారంటారు. న్యాయమైన మాటే. పల్లెకు ఇంకా పైపులు కావాలి, ఆసుపత్రికి ఇంకా సిరంజీలు కావాలి, చేపలకూ రొయ్యలకూ శీతల పెట్టెలు కావాలి. వాడకం పెరగాలనే నేనూ అంటాను. కానీ తలసరి అంకె ఏ రకం ప్లాస్టిక్ పెరగాలో చెప్పదు. వాడకం తక్కువగా ఉన్న దేశమే కాలుష్యంలో మొదటి స్థానంలో నిలిచిందంటే, మన ఇబ్బంది పరిమాణంలో లేదు, వాడి పారేసేదాన్ని ఎత్తే ఏర్పాటు లేకపోవడంలో ఉంది. ఆ ఏర్పాటు వేగం కన్నా వేగంగా పెరిగే ప్లాస్టిక్ ఏదైనా రేపటి పొగే.

రెండో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. రూపాయి ప్యాకెట్టు పేదవాడికి షాంపూను, టీ పొడిని, కొబ్బరినూనెను అందుబాటులోకి తెచ్చింది. రోజు కూలీతో బతికే ఇంట్లో నెలకు సరిపడా సీసా ఒకేసారి కొనలేరు. పాల ప్యాకెట్ లేకపోతే పాలు విరిగిపోతాయి. కాగితపు సంచి తయారీకి పట్టే నీళ్లూ, కరెంటూ తక్కువేమీ కాదు. ఇవన్నీ నిజాలే. అందుకే ప్యాకింగ్‌ను నిషేధించమని నేననడం లేదు, దానికి కూడా ఆయుష్షు పెంచవచ్చంటున్నాను. మదనపల్లె టమాటా మార్కెట్లోకి వెళితే ఇది కళ్లముందే కనబడుతుంది. వెనక వెదురు గంపల్లో నలిగి కారిపోయే కాయ ఇప్పుడు ప్లాస్టిక్ క్రేట్లలో దెబ్బ తగలకుండా లారీ ఎక్కుతుంది. క్రేటు కూడా ప్యాకింగే. కానీ అది ఖాళీ అయి తిరిగొస్తుంది, కడిగితే మళ్లీ పనికొస్తుంది, పగిలితే తుక్కు కొట్టువాడు డబ్బిచ్చి తీసుకుంటాడు. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్‌దీ అదే దారి. వస్తువును గట్టిగా చేసి, తిరిగి తెచ్చే లాభం ఎవరికో ఒకరికి ఉంటే ప్యాకింగ్ కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పాల ప్యాకెట్ ఒకే పదార్థంతో చేసినది కాబట్టి దాన్నీ వెనక్కి తెప్పించవచ్చు. పేదవాడి చేతి నుంచి ప్యాకెట్టును లాక్కోనక్కరలేదు. దాన్ని ఏ పదార్థంతో చేయాలో, ఖాళీ ప్యాకెట్ ఎవరు ఎత్తాలో అమ్మే కంపెనీ బాధ్యతలోకి తేవాలి.

ఉద్యోగాల మాట ఎత్తకుండా ఈ చర్చ ముగించడం మోసమవుతుంది. 2022 జులై 1న కేంద్రం ఒక్కసారి వాడి పారేసే 19 రకాల వస్తువులను నిషేధించింది. స్ట్రాలు, చెంచాలు, గ్లాసులు చేసే చిన్న యూనిట్లే ఆ దెబ్బ ఎక్కువగా తిన్నాయి. బహుళజాతి కంపెనీల పలుపొరల ప్యాకెట్లు ఆ జాబితాలో లేవు. అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని విశాఖలో ప్రకటించింది; అప్పులు చేసి ప్రింటింగ్ యంత్రాలు కొన్నవాళ్లు రోడ్డెక్కారు, అమలు తేదీ వాయిదా పడింది. నిషేధం ఎప్పుడూ బలహీనుడి షెడ్డు తలుపే ముందు తడుతుంది, బలవంతుడి లాయరు దగ్గర ఆగిపోతుంది. పైగా రహస్యంగా పల్చటి కవర్లు చేసేవాళ్లు ఎక్కడికీ పోలేదు. సంచి మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదని నిబంధన ఉన్నా కూరగాయల బండి మీద ఏముందో పాఠకులకు చెప్పనక్కరలేదు. రీసైక్లింగ్, మరమ్మతు, క్రేట్లు, పైపులు, డ్రిప్ సామగ్రి కూడా మనుషులు పనిచేసే రంగాలే. అచ్చు మార్చుకోవడానికి చిన్న యూనిట్‌కు అప్పు, గడువు ఇస్తే అదే యంత్రం మీద వేరే వస్తువు చేయగలరు. ఆ రెండూ ఇవ్వకుండా తేదీ మాత్రం ప్రకటించడం అన్యాయం.

చెత్తనంతా రోడ్లలో కలిపేయవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. మదురై ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ చూపిన ఆ పద్ధతి మంచిదే, 2018లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. కానీ తారులో ఆరు నుంచి ఎనిమిది శాతం మేరకే ప్లాస్టిక్ కలుస్తుంది. ఏటా పెరిగే కుప్పకు ఏటా అన్ని రోడ్లు వేయలేం.

చేయవలసిన పని పన్ను దగ్గర మొదలుకావాలి. ఇవాళ యాభై ఏళ్లు ఉండే పైపుకూ, పది నిమిషాలు ఉండే క్యారీ బ్యాగుకూ జీఎస్టీ ఒకటే, 18 శాతం. ఇంకా విడ్డూరం, ప్లాస్టిక్ తుక్కు మీద 5 శాతం ఉన్న పన్నును 2021 అక్టోబరులో 18 శాతానికి పెంచారు. బిల్లు లేకుండా నడిచే తుక్కు వ్యాపారానికి అది ఊపిరి పోసింది, నిజాయతీగా బిల్లు రాసేవాడికి భారమైంది. తుక్కు మీద పన్ను తగ్గించాలి, వాడి పారేసే సరుకు మీద పెంచాలి, ఆ డబ్బు మున్సిపాలిటీలకు చెత్త ఎత్తే ఖర్చుగా చేరాలి. 2022 నాటి నిబంధనల ప్రకారం తయారీదారులు గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2025-26 నుంచి 30 శాతం రీసైకిల్ చేసిన ముడిసరుకు వాడాలి. ఆ నిబంధనను సడలించకుండా నడిపితే కాటేదాన్ గుళికకు నిలకడైన గిరాకీ పుడుతుంది. నీళ్ల సీసాల విషయంలోనైతే దారి మనకు తెలిసిందే. జర్మనీలో 2003 నుంచి వాడి పారేసే సీసా మీద 25 సెంట్లు డిపాజిట్ కట్టించుకుంటారు, సీసాలు దాదాపు అన్నీ తిరిగొస్తాయి. కేదార్‌నాథ్‌లో 2022లో మొదలుపెట్టిన 10 రూపాయల డిపాజిట్ పద్ధతికి సాంకేతిక ఏర్పాటు చేసింది రీసైకల్ అనే హైదరాబాద్ సంస్థే. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ సీసాలు ఆపి గాజు సీసాలు పెట్టినప్పుడు డిపాజిట్ కట్టి, సీసా తిరిగిచ్చి, డబ్బు వెనక్కి తీసుకోవడం భక్తులకు అలవాటైంది. రోజుకు అరవై, డెబ్బై వేల మంది వచ్చే కొండ మీద సాధ్యమైనది బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, బీచ్ రోడ్డులో ఎందుకు సాధ్యం కాదు? రెండు తెలుగు ప్రభుత్వాలూ ముందు ఒక్కొక్క నగరంలో, హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ, నీళ్ల సీసాలకూ పాల ప్యాకెట్లకూ ఈ డిపాజిట్ పద్ధతిని ఈ ఏడాదే మొదలుపెట్టాలని కోరుతున్నాను.